శరీరం మారితే ఆడ–మగ మారుతుందా?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను నడిగడ్డ అంటారు. వానాకాలం పంట మంచి జోరు మీదున్నప్పుడు గట్టు, మల్దకల్, అయిజ, ధరూర్ మండలాల్లో తిరిగితే సీడ్ పత్తి చేలు కనిపిస్తాయి. మామూలు పత్తి దూది కోసం పండిస్తే ఇది విత్తనం కోసం పండించేది. దేశంలో రైతులు కొనే సంకర పత్తి విత్తనంలో పెద్ద వాటా ఈ నేల నుంచే పోతుంది.

మధ్యాహ్నం పొద్దు వాలాక కూలీలు సాళ్లలోకి దిగుతారు. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తుపట్టాలి. కాస్త ఉబ్బి, రేకుల కొన బయటికి కనిపిస్తూ ఉంటుంది అది. మొగ్గ అడుగున బొటనవేలి గోటితో చుట్టూ గాటు పెట్టి, రేకుల్ని, వాటిని అంటిపెట్టుకుని ఉన్న పుప్పొడి గొట్టంతో సహా ఒక్క తిప్పుతో లాగేస్తారు. లోపల సన్నటి కీలం, దాని అడుగున అండాశయం మిగులుతాయి. గోరు కాస్త లోతుగా దిగిందా, కాయ కట్టాల్సిన భాగమే చెడిపోతుంది. మర్నాడు పొద్దున్నే మగ చెట్ల పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వును నాలుగైదు కీలాలకు రుద్దుతారు. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు.

పత్తి పువ్వు పుట్టుకతోనే ఆడా, మగా రెండూను. దాన్ని గోటితో ఆడపువ్వుగా మారుస్తున్నది మనిషి. ఒక జీవి లింగాన్ని మనిషి అవసరానికి తగ్గట్టు మార్చడమనే విద్య నడిగడ్డలో ఏ ప్రయోగశాలలోనూ జరగడం లేదు, పొలంలో రోజుకూలికి జరుగుతోంది. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదన్న పేరుతో ఆడపిల్లల్ని బడి మాన్పించి ఈ చేలలో దించిన సంగతి ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి చర్చకు వస్తూనే ఉంది.

ఇప్పుడు పుప్పొడే తయారుకాని ఆడ వంగడాలు వచ్చాయి. జన్యు మార్పు వల్ల ఆ మొక్కల్లో మగ భాగం వంధ్యమవుతుంది, ఇక మొగ్గ గిల్లే పని ఉండదు. దానివల్ల కూలీ అమ్మాయి బడికి పోతుందా, ఉన్న నాలుగు రూపాయల కూలి కూడా పోగొట్టుకుంటుందా? ఈ ప్రశ్నకు జన్యుశాస్త్రం దగ్గర జవాబు లేదు. విత్తనం ఎవరిది, చేను ఎవరిది, కూలి రేటు ఎవరు కట్టారు అన్నవాటిలో ఉంది. మనిషి శరీరం మార్చే విద్యల గురించి చెప్పబోయే ఈ అధ్యాయంలో నేను పట్టుకుని నడిచే దారం ఇదే.

*

ముందు మన శరీరం సంగతి చూద్దాం. తల్లి కడుపులో పిండానికి ఆరు వారాలు వచ్చేదాకా ఆడపిల్లా, మగపిల్లాడా అన్నది లోపలి అవయవాల్లో కనిపించదు. అప్పటికి ఉన్నవి రెండు చిన్న గ్రంథులు. అవి అండాశయాలూ కాగలవు, వృషణాలూ కాగలవు. వాటి పక్కనే రెండు జతల నాళాలు ఉంటాయి. ఒక జత గర్భసంచి, ఫలోపియన్ నాళాలు కావడానికి, రెండోది వీర్యనాళాలు కావడానికి. ప్రతి మనిషీ కొన్ని వారాలపాటు రెండు దారుల సరంజామానూ మోసినవాడే, మోసినదే.

వై క్రోమోజోము మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఆ గ్రంథుల్ని వృషణాల దారి పట్టిస్తుందని 1990లో లండన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. వృషణం ఏర్పడ్డాక అది రెండు పనులు చేస్తుంది. ఒక హార్మోనుతో గర్భసంచి కావాల్సిన నాళాల్ని కరిగిస్తుంది. టెస్టోస్టెరాన్‌తో మగ అవయవాల్ని పెంచుతుంది. ఈ వరసలో ఏ మెట్టు దగ్గరైనా తేడా రావచ్చు. టెస్టోస్టెరాన్ పుష్కలంగా ఉన్నా కణాలు దాన్ని గుర్తించకపోతే, ఎక్స్‌వై క్రోమోజోములున్న బిడ్డ పూర్తిగా ఆడపిల్ల రూపంలో పుడుతుంది. ముట్టు రాలేదని పదహారేళ్లకు ఆసుపత్రికి తీసుకుపోతే తప్ప చాలాసార్లు ఎవరికీ తెలియదు. అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైము లోపిస్తే, ఎక్స్‌ఎక్స్ బిడ్డ మగపిల్లాడిని పోలిన అవయవాలతో పుట్టవచ్చు. ఇలా అడ్రినల్ లోపాల వంటి కొన్ని స్థితులు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం జన్యువు అందినప్పుడు బయటపడతాయి. మేనరికాలు ఎక్కువగా ఉండే మన ఇళ్లలో వాటికి అవకాశం మరింత ఎక్కువ. ఊళ్లో ఇలాంటి బిడ్డ పుడితే తల్లి పాపమనీ గ్రహణమనీ అంటారు. దాంట్లో పాపమూ లేదు, గ్రహణమూ లేదు.

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఆ తర్వాత వచ్చిన ఒక పరిశోధన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. లింగం కడుపులో ఒకసారి తేలిపోయి అక్కడితో ఆగిపోతుందని మనం అనుకునేవాళ్లం. 2009లో ఐరోపా శాస్త్రజ్ఞులు ఎదిగిన ఆడ ఎలుకల అండాశయాల్లో ఫాక్స్‌ఎల్2 అనే ఒక్క జన్యువును ఆపేశారు. కొద్ది వారాల్లో ఆ కణాలు వృషణ కణాల రూపం ఎత్తి టెస్టోస్టెరాన్ తయారుచేయడం మొదలుపెట్టాయి. రెండేళ్లకు అమెరికాలో ఇంకో బృందం దీనికి తలకిందుల ప్రయోగం చేసింది. మగ ఎలుకల వృషణాల్లో డీఎంఆర్‌టీ1 జన్యువును తీసేస్తే అక్కడి కణాలు అండాశయ కణాల్లా మారాయి. ఆ ఎలుకలకు కొత్త లింగంలో పిల్లలు పుట్టలేదు, అంత దూరం పోలేదు. కానీ తేలిన సంగతి పెద్దది. అండాశయం అండాశయంగా ఉండటం ఒక రోజు జరిగిపోయిన సంఘటన కాదు. ఒంట్లో కొన్ని జన్యువులు జీవితమంతా రాత్రింబగళ్లు కాపలా కాస్తుంటేనే అది అలా నిలబడుతోంది. రేపటి వైద్యం చేయి పెట్టబోయేది ఈ కాపలా మీదే.

*

ఇక నడిగడ్డ ఉన్న పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా సంగతి. శరీరం మార్చే విద్య అంటే ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో రాబోయేదని అనుకుంటాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో అది వచ్చి మూడు తరాలైంది. దాని పేరు పిల్లల ఆపరేషన్.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయి 15–49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 60 శాతానికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. భర్త వేసెక్టమీ చేయించుకున్న ఇళ్లు 2 శాతం దరిదాపుల్లో ఉన్నాయి. నిజానికి వేసెక్టమీయే చిన్న ఆపరేషన్. పొట్ట తెరవనక్కర్లేదు, మత్తు కొద్దిగా చాలు, కాసేపటికి లేచి ఇంటికి పోవచ్చు. టెస్టోస్టెరాన్ వృషణం నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది, కోసే నాళంతో దానికి సంబంధం లేదు. అయినా మగవాడి బలం తగ్గుతుందన్న నమ్మకం కదలలేదు. నాట్లు వేసి, పత్తి ఏరి, మట్టి తట్టలు మోసే ఆడమనిషి బలం గురించి మాత్రం ఎవరూ అడగలేదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు శిబిరంలో 34 మంది ఆడవాళ్లకు పిల్లల ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులు.

గర్భసంచి తొలగింపు దీనికంటే లోతైన కథ. అదే సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 8 శాతం పైనే. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశ సగటుకు రెండింతలు దాటిపోయాయి. క్యాన్సరుకో, ఆగని రక్తస్రావానికో, పెద్ద గడ్డలకో ఈ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అయితే తెల్లబట్ట అవుతోందనీ, నడుము నొప్పి అనీ పోయిన ముప్పై ఏళ్ల మనిషికి ‘సంచి కరాబైంది, క్యాన్సర్ వస్తది, తీసేయాలె’ అని చెప్పి కోసిన కథలు మన ఊళ్లలో కోకొల్లలు. మందులతో తగ్గే ఇన్‌ఫెక్షనుకు అవయవమే పోతుంది. ఆమె కూడా కొన్నిసార్లు సరేనంటుంది. ముట్టు ఉన్నన్నాళ్లూ సెలవు దొరకని కూలి పని, మరుగుదొడ్డి లేని పని చోటు, పిల్లలు ఎలాగూ చాలన్న లెక్క ఆమెతో సరేననిపిస్తాయి. దాన్ని నేను ఆమె ఇష్టం అని ఒప్పుకోలేను.

శరీరంలో జరిగేది చూడండి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్క రోజులో పడిపోతుంది. ప్రకృతి కొన్నేళ్లలో నెమ్మదిగా చేసే పని కత్తి ఒక పూటలో చేస్తుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కలయికలో నొప్పి, కోరిక సన్నగిల్లడం ముందుగా వస్తాయి. ఎముకలు బోలుగా మారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం తర్వాత. అండాశయాలు ఉంచినా వాటికి రక్తం తగ్గి, ముట్టు ఆగే దశ మామూలుకంటే ముందుగా రావచ్చు. ముప్పై అయిదేళ్లకు ఇలా మారిన మనిషికి హార్మోను మందు ఇవ్వాలని వైద్యశాస్త్రం చెబుతుంది. పల్లెలో ఆ చీటీ రాసి, ఏళ్ల తరబడి వెనక ఉండి చూసే డాక్టరు దొరకడం అరుదు.

అంటే లక్షలాది తెలుగు ఆడవాళ్ల శరీరం, వాళ్ల హార్మోన్లు, వాళ్ల లైంగిక జీవితం సాంకేతిక విద్య వల్ల ఇప్పటికే మారిపోయాయి. ఇంట్లో ఆడ–మగ వరస మాత్రం అంగుళం కదల్లేదు. వంట ఆమెదే, కూలి తక్కువే, ఆపరేషన్ కాగితం మీద సంతకం మాత్రం భర్తదో కొడుకుదో. శరీరం మారితే జెండర్ దానంతట అదే మారుతుందని ఉత్సాహపడే భవిష్యత్ వాదులు మొదట తెలంగాణ లెక్క చూడాలి.

గద్వాల జిల్లా అలంపురంలో ఏడు ఎనిమిది శతాబ్దాల చాళుక్య శిల్పాల మధ్య లజ్జాగౌరి విగ్రహం ఉంది. ప్రసవ భంగిమలో కూర్చున్న స్త్రీ శరీరం అది. మెడ పైన తల ఉండాల్సిన చోట తామర. పిల్లలు లేని ఆడవాళ్లు ఆ రాతికి వెన్న, కుంకుమ పూసి మొక్కుకునేవాళ్లు. పరశురాముడు నరికిన తల్లి రేణుక తల ఎల్లమ్మగా ఊరూరా పూజలందుకుంటే, మొండెం ఇక్కడ భూదేవిగా నిలిచిందని కథ. శిల్పంగా అది అద్భుతం, దానిలో జీవశక్తి పట్ల ఉన్న భక్తి కూడా నిజం. కానీ తల లేకుండా గర్భం మాత్రమే ఉన్న స్త్రీ అన్న ఊహ మన వైద్యంలోకీ మన ఇళ్లలోకీ ఎంతగా ఇంకిపోయిందో ఆలోచించండి. కనేదాకా కొలుస్తాం. కనడం అయిపోయాక సంచి తీసేస్తాం. రెండు వేళలా తల సంగతి ఎవరికీ పట్టదు.

కనడంతోనే ఆడదాన్ని కొలిచే ఆ లెక్కను కొత్త వైద్యమూ మార్చలేదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో ఐవీఎఫ్ ద్వారా కవలల్ని కన్న తూర్పుగోదావరి జిల్లా తల్లికి డెబ్బై ఏళ్లు దాటాయి. ప్రపంచమంతా వార్త అయింది. పెళ్లయినప్పటి నుంచీ పిల్లల్లేని మనిషిగా ఆమె పడ్డ మాటలు ఆ వార్తల్లో కింద ఎక్కడో ఒక వాక్యంగా మిగిలాయి. వైద్యం ముట్టు ఆగిన వయసును కూడా దాటగలిగింది, గొడ్రాలు అన్న మాటను దాటలేకపోయింది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏళ్ల పరిమితి పెట్టింది.

*

ఇప్పుడు ముందుకు చూద్దాం. ప్రయోగశాలల నుంచి మూడు విద్యలు వస్తున్నాయి.

మొదటిది గర్భసంచి మార్పిడి. స్వీడన్‌లో మాట్స్ బ్రాన్‌స్ట్రోమ్ బృందం మార్చిన గర్భసంచి నుంచి 2014లో తొలి బిడ్డ పుట్టింది. 2017 మే నెలలో పుణెలో శైలేష్ పుణ్తాంబేకర్ బృందం మన దేశంలో మొదటిసారి ఈ శస్త్రచికిత్స చేసింది. మరుసటి ఏడాది అక్టోబరులో అదే ఆసుపత్రిలో ఇలాంటి తల్లి బిడ్డను కన్నది. చాలా సందర్భాల్లో దాత ఆమె తల్లే. బిడ్డ ఏ సంచిలో పెరిగిందో ఆ సంచిలోనే మనవరాలు పెరుగుతుంది. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరు గర్భసంచి లేకుండా పుడతారు కనుక వాళ్లకు ఇది పెద్ద ఆశ. ట్రాన్స్ మహిళలకూ చేయవచ్చా అన్నది వైద్యపత్రికల్లో గట్టిగా నడుస్తున్న చర్చ. 1931లో డ్రెస్డెన్‌లో లిలీ ఎల్బే అనే డేనిష్ చిత్రకారిణికి ఈ ప్రయత్నం చేశారు. అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందులు అప్పటికి లేవు. ఆమె చనిపోయింది. ఇప్పుడు ఆ మందులున్నాయి. కటి ఎముకల ఆకారం, రక్తనాళాల జోడింపు, హార్మోన్ల సర్దుబాటు అనే సమస్యలు మిగిలాయి. అసాధ్యమని చెప్పే సర్జన్లు తగ్గుతున్నారు.

ఒకచోట గర్భసంచిని లక్షలు పోసి కుట్టే విద్య. ఇంకోచోట అదే అవయవాన్ని కొద్ది వేలకు కోసి పారేసే విద్య. రెండూ ఒకే దేశంలో, ఒకే దశాబ్దంలో నడుస్తున్నాయి.

రెండోది కృత్రిమ గర్భం. 2017లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి శాస్త్రజ్ఞులు నెలలు నిండని గొర్రెపిల్లల్ని ద్రవం నింపిన ప్లాస్టిక్ సంచిలో నాలుగు వారాల వరకు పెంచారు. బొడ్డుతాడును ఆక్సిజన్ అందించే యంత్రానికి కలిపారు, గొర్రెపిల్ల గుండే రక్తాన్ని తోస్తుంది. ఆ పిల్లలు కడుపులో 23, 24 వారాల మానవ శిశువుతో సమానం. ఇది మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా బిడ్డను బయటే పెంచే విద్య కాదు, ఆ దారి ఇంకా చాలా దూరం. కానీ నెలలు నిండకుండా పుట్టే పిల్లల్ని బతికించడానికి మొదలైన పని అక్కడే ఆగుతుందని అనుకోను.

మూడోది చర్మకణం నుంచి అండం. ఒసాకాలో కత్సుహికో హయాషి బృందం 2023లో మగ ఎలుక తోక కణాలు తీసుకుంది. వాటిని మూలకణాలుగా మార్చి, పెరుగుదలలో వై క్రోమోజోము జారిపోయిన కణాల్ని ఏరింది. ఉన్న ఎక్స్‌ను రెట్టింపు చేసింది. ఆ కణాల్ని అండాలుగా పెంచి ఇంకో మగ ఎలుక వీర్యకణంతో కలిపింది. 630 పిండాల్లో 7 పిల్లలు పుట్టాయి. ఇద్దరు తండ్రులు, తల్లి జన్యువు లేదు. దీనికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 2004లో, జపాన్‌లోనే ఇద్దరు తల్లుల ఎలుక కగుయా పుట్టింది. మనుషుల్లో ఇది రావడానికి ఇంకా ఎన్నో అడ్డంకులున్నాయి, పిండాల్లో నూటికి తొంభై తొమ్మిది విఫలమయ్యే పద్ధతిని మనిషి మీద పెట్టకూడదు కూడా. అయితే తల్లి కావాలంటే ఆడదై ఉండాలి, తండ్రి కావాలంటే మగవాడై ఉండాలి అన్న రెండు వాక్యాలూ ప్రకృతి నియమాలుగా నిలబడవని తేలిపోయింది.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు పాశ్చాత్య రచయితలు చాలామంది విముక్తి అని జవాబిస్తారు. కనే బరువు దిగితే ఆడదాని మీద పెత్తనానికి పునాది పోతుందని వాళ్ల వాదం. అందులో నిజముంది. అయితే మనకు ఇంకో అనుభవం ఉంది. కడుపులోని బిడ్డ జబ్బులు కనిపెట్టడానికి వచ్చిన స్కానింగ్ యంత్రాన్ని మన సమాజం మొదట అడిగింది ఆడా మగా అని. దాన్ని ఆపడానికి 1994లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. చర్మకణాల నుంచి వందల పిండాలు తయారుచేసి అందులోంచి ఒకటి ఎంచుకునే రోజు వస్తే, గద్వాలలోనైనా హైదరాబాద్‌లోనైనా మొదటి ప్రశ్న ఏదవుతుందో మీకూ నాకూ తెలుసు.

*

శరీరం మార్చుకోవాలని తామే కోరుకునేవాళ్ల సంగతి చూస్తే చిత్రం తిరగబడుతుంది. ఇక్కడ విద్య అందుబాటులో ఉన్నా సమాజం అడ్డం పడుతుంది.

నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లు పోలీసు పుస్తకంలో ఎక్కించమంది. ఆడబట్ట కట్టి వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. శరీరం మార్చుకోవడాన్నీ, మార్చుకోవడానికి సాయపడటాన్నీ నేరం చేసింది. నిజాం పోయినా, ఆంధ్రప్రదేశ్ వచ్చినా, తెలంగాణ వచ్చినా ఆ చట్టం పుస్తకాల్లోనే ఉండిపోయింది. వైజయంతి వసంత మోగ్లి తదితరులు కోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆదేశించింది. నూరేళ్ల పైగా ఈ గడ్డ మీద ఒక మనిషి తన శరీరానికి తాను యజమాని కాదని చట్టం చెప్పింది.

హార్మోన్ల పని తీరు ఇక్కడ ఆసక్తికరం. ఆడపిల్లగా పెరిగి మగవాడిగా జీవించదలచిన మనిషి టెస్టోస్టెరాన్ తీసుకుంటే కొన్ని నెలల్లో గొంతులోని స్వరతంతువులు మందమై గొంతు బొంగురుపోతుంది, ముట్టు ఆగుతుంది, మెల్లగా గడ్డం వస్తుంది. మందు ఆపినా గొంతు వెనక్కి రాదు. మగపిల్లాడిగా పెరిగిన ట్రాన్స్ మహిళ ఈస్ట్రోజన్ తీసుకుంటే చర్మం మెత్తబడుతుంది, రెండు మూడేళ్లలో రొమ్ములు పెరుగుతాయి, గొంతు మాత్రం మారదు, ఎముకల పొడవు మారదు. ఆమెకు కావాల్సిన ఈస్ట్రడయోల్, అండాశయాలు పోగొట్టుకున్న వనపర్తి కూలి మనిషికి కావాల్సిన ఈస్ట్రడయోల్ ఒకటే అణువు. ఒకరికి ఎవరూ రాసివ్వరు కనుక మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని తనకు తోచినన్ని మింగుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం తెచ్చుకుంటుంది. ఇంకొకరికి అలాంటి మందు ఉందనే ఎవరూ చెప్పరు. ఇద్దరి కథా నేను వేరువేరుగా చూడలేను.

2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ కొయ్యల మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ వైద్యంలో ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరడం అదే మొదలు. రోగి కుర్చీలో కాకుండా డాక్టరు కుర్చీలో వాళ్లు కూర్చోవడం నా దృష్టిలో ఏ కొత్త శస్త్రచికిత్సకూ తీసిపోని మార్పు. 2021లో నగరంలో ట్రాన్స్ మనుషుల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ మాత్రం 2025 ఆరంభంలో అమెరికా సాయం ఆగిపోగానే మూతపడింది. తర్వాత వేరే సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. వేల మైళ్ల దూరంలో ఒక సంతకంతో ఇక్కడి మనిషి హార్మోను మందు ఆగిపోతే, ఆ విద్య మనదని ఎలా అంటాం?

*

లైంగికత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీద అపోహలు మరీ ఎక్కువ. హార్మోను కోరిక మోతాదును మారుస్తుంది. ఎవరి మీద కోరిక అన్నదాన్ని మార్చదు. దీనికి గత శతాబ్దం చేసిన క్రూరమైన ప్రయోగాలే సాక్ష్యం. వియన్నాలో ఒయిగెన్ స్టైనాక్ ఆలోచన ప్రకారం మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లకు వేరేవాళ్ల వృషణ కణజాలం అతికించారు. చివరికి ఏమీ మారలేదని తేలింది. 1952లో బ్రిటన్ కోర్టు గణితశాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్‌కు జైలు బదులు ఈస్ట్రోజన్ మందు విధించింది. శరీరం మారింది, మనసు వెళ్లే దిక్కు మారలేదు, రెండేళ్లకు ఆయన లేడు. మన జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇలాంటి ‘మార్పిడి చికిత్స’ను వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఇంకా మాత్రలతో, మంత్రాలతో, పెళ్లితో మార్చేస్తామనేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. సైన్సు వాళ్ల వైపు లేదు.

సాంకేతిక విద్య మార్చేది ఇంకో చోట. 1960లో గర్భనిరోధక మాత్ర కలయికను కడుపు నుంచి విడదీసింది. ఐవీఎఫ్ మొదలుపెట్టిన పనిని ముగిస్తూ, రేపటి అండకణాల విద్య కడుపును కలయిక నుంచి పూర్తిగా విడదీస్తుంది. ఆ రెండూ విడిపోయాక, ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతికితే పిల్లలెలా అన్న పాత ప్రశ్నకు పస ఉండదు. అప్పటికి అడ్డంగా నిలిచేది చట్టం ఒక్కటే. 2018లో సుప్రీంకోర్టు వాళ్ల ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్లి హక్కు తాము ఇవ్వలేమంది. 2021 నాటి సరోగసీ, ఐవీఎఫ్ చట్టాల్లో ఒంటరి మగవాడికి, ఇద్దరు మగవాళ్ల జంటకు, ఇద్దరు ఆడవాళ్ల జంటకు చోటే లేదు. ఎలుకలకు సాధ్యమైనదాన్ని మన చట్టం మనుషులకు ఇంకా ఊహించలేదు.

నా నిర్ణయం ఇది. శరీరం మార్చే విద్య మంచిదా చెడ్డదా అని విడిగా తేల్చలేం. కత్తి ఒకటే, హార్మోను ఒకటే. ఆ శరీరం ఎవరిదో వాళ్లు తెలిసి, అడిగి, కావాలంటే వద్దనగలిగిన చోట అది మనిషిని పెంచుతుంది. అలాంటి అవకాశం లేని చోట పాత పెత్తనానికే కొత్త పనిముట్టవుతుంది. 2019లో మద్రాసు హైకోర్టు, ఆడో మగో స్పష్టంగా తెలియని అవయవాలతో పుట్టిన పసిబిడ్డలకు ప్రాణాపాయం లేకపోతే ఆపరేషన్ చేయకూడదని చెప్పింది. పెరిగాక వాళ్లే తేల్చుకుంటారన్నది దాని సారం. తమిళనాడు దాన్ని ప్రభుత్వ ఉత్తర్వుగా మార్చింది. ఈ ఒక్క సూత్రం తెలుగు నేల మీద పసిబిడ్డకూ, ముప్పై ఏళ్ల కూలి మనిషికీ, ట్రాన్స్ యువతికీ సమానంగా వర్తించాలి.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో, గద్వాలలో మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మొదటి రెండూ 2022లో, గద్వాలది 2024లో మొదలయ్యాయి. అక్కడ హార్మోన్ల క్లినిక్ ఒకటి వారానికి ఒక్క రోజు తెరిచినా ఈ జిల్లాల మనుషులకు హైదరాబాద్ బస్సు తప్పుతుంది. అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది కూడా. ఆ క్లినిక్ వచ్చేదాకా, ఆ మార్గదర్శకాలు అమలయ్యేదాకా ఆగకుండా, ఈ పుస్తకం చదువుతున్న మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లోగానీ మీ వీధిలోగానీ ఎవరికైనా గర్భసంచి తీసేయాలని చెబితే, ఇంకో డాక్టరు మాట వినందే సంతకం పెట్టనివ్వకండి. మందులతో తగ్గదా అని అడగండి, అండాశయాలు ఉంచుతారా అని అడగండి, తీసేస్తే తర్వాత హార్మోను మందు ఎవరు చూస్తారని అడగండి. ఆమె చేతే అడిగించండి.